మిట్టనేలల పంట సీతాఫలము

పుబ్బ, ఉత్తర కార్తెలు వచ్చుసరికి శంషాబాదునుండి దక్షిణముగా పోవు బెంగుళూరు రహదారికి ఇరుప్రక్కల గంపలు వెలయును. పాలమాకుల, తిమ్మాపురము, షాద్‌నగరు, బాలానగరు మీదుగా జడ్చర్లవఱకు స్త్రీలును పిల్లలును సీతాఫలములు పేర్చుకొని, తలపై కొంగు కప్పుకొని, ఎండలో కూర్చుందురు. దసరా, దీపావళి దినములలో బేరము ముమ్మరముగా నుండును. ఆ తరువాత గంపలు ఇండ్లకు చేరును. మఱుసటి యేటివఱకు ఆ చెట్టును తలంచువారుండరు. మన పల్లెలలో ఈ చెట్టుకుగల గౌరవమింతే. నాటినవారు లేరు, నీరు పోసినవారు లేరు. కాయకాలములో మాత్రము అందఱును హక్కుదారులే.

ఇట్లు ఊరకే వచ్చు పంట ఇకమీదట వచ్చునా యని సభ్యులు యోచింపవలసిన కాలము వచ్చినది. శంషాబాదు విమానాశ్రయము 2008వ సంవత్సరము మార్చినెలలో తెఱవబడినది. దానికొఱకు సుమారు 5,500 ఎకరముల భూమి పోయినది. పిదప నగరము చుట్టును 158 కిలోమీటర్ల అవుటర్ రింగురోడ్డు వచ్చినది. దాని వెంబడి వెంచర్లు వచ్చినవి. వెంచరు వేయువాడు మొట్టమొదట చేయుపని జేసీబీతో గుట్టను చదును చేయుట. సీతాఫలపు చెట్టు వరిమడిలో ఉండదు, చెఱువు శిఖములో ఉండదు. బండలసందున, గుట్ట వాలున, పడావు భూమిలో ఉండును. కనుక పైరుభూమికంటె ముందుగా పోవునది ఈ చెట్టే. హిమాయతుసాగరు, ఉస్మానుసాగరు పరీవాహకములోని 84 గ్రామములలో కట్టడములను అదుపుచేయుచు 1996లో 111వ సంఖ్యగల ప్రభుత్వాజ్ఞ వెలువడినది. శంషాబాదు మండలములోని కొన్ని గ్రామములు ఆ జాబితాలోనివే. ఆ యాంక్షలును 2022లో సడలింపబడినవి. గుట్టమీది కాయను నమ్ముకొని గంప నెత్తుకొను కుటుంబములకు గుట్టయే లేకపోవు దినము దూరములో లేదు. ఎవరి పొలములో వారు, ఎవరి ఒడ్డున వారు నాటుకొన్న చెట్లే ఇక మిగులునవి.

సీతాదేవి పేరుండుటచేత ఇది మన పురాతన వృక్షమని పలువురు తలంతురు. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి అనోనా స్క్వామోజా అని పేరిడి, దీని జన్మస్థానము అమెరికా ఖండపు ఉష్ణప్రదేశములును వెస్టిండీసు దీవులును అని చెప్పుదురు. పోర్చుగీసువారి ఓడలవెంట మనదేశమునకు వచ్చినదని సామాన్యాభిప్రాయము. భర్హుతు, మథురలలోని ప్రాచీన శిల్పములందు ఈ కాయవంటి రూపములు గలవని కనింగుహాము దొర వాదించెను. ఆ వాదమును ఒప్పుకొనినవారును కలరు, కొట్టివేసినవారును కలరు. మిరపకాయయు, వేరుసెనగయు, జామయు అటనుండి వచ్చినవే. వానిని పరదేశపువని మన యింట ఎవరును త్రోసివేయలేదు గదా. ఉర్దూ మాటలాడువారు దీనిని షరీఫా యందురు. సికిందరాబాదులోని సీతాఫల్‌మండికి ఆ పేరు ఈ పండువలననే వచ్చినది. రామాఫలము దీని దాయాది. దాని తొక్క నునుపుగా నుండును, పండు వేసవి మొగమున వచ్చును, రుచిలో సీతాఫలమునకు సాటిరాదు.

దేశమంతట తోటలు వేయువారు కోరుకొను రకములలో మన బాలానగరు రకము ఒకటి. బాలానగరు అనగా హైదరాబాదులోని కార్ఖానాల బస్తీ కాదు. మహబూబ్‌నగరు జిల్లాలో, ఇదే రహదారిమీద, జడ్చర్లకు ఈవలనున్న మండలకేంద్రము. ఆ రకపు కాయ కన్నులు పెద్దవి, రంగు లేతాకుపచ్చ, గుజ్జు మందము, తీపి అధికము. మహారాష్ట్రములోని తోటలవారు సయితము దాని పేరు చెప్పి మొక్కలు కొనుచుండగా, ఆ పేరు పుట్టిన ప్రాంతములో మనము ఒక మొక్కయైనను నాటకుండుట వింతగా లేదా?

ఇక ముఖ్యమైన విషయమునకు వత్తము. ఈ పండు రైతుకును, ఏరుకొనువారికిని తగిన వెల తీసికొనిరాకుండుటకు మొదటి కారణము కోత. కాయ పక్వమైనదని తెలిసికొనుట కష్టముకాదు. కన్నులు ఒకదానికొకటి ఎడమై, నడుమనున్న గీతలు పచ్చదనము వీడి మీగడరంగునకు గాని లేతపసుపునకు గాని తిరుగును. దీనినే కన్ను విచ్చుట యందురు. అట్టి కాయను కోసి ఇంటనుంచిన రెండు మొదలు అయిదు దినములలో తనంతట మెత్తబడును. మందు అక్కఱలేదు. మాగవేయుటకు కార్బైడు పెట్టుట 2011నాటి ఆహారభద్రతా నిబంధనలచే నిషేధింపబడినది. ఈ పండుకు దాని అవసరమును లేదు. కన్ను విచ్చని కాయను కోసినచో అది మాగదు. మాగినను చప్పగా నుండును. పెక్కు కాయలు నల్లబడి రాయివలె ఎండిపోవును. పదిదినముల ముందు కోసిన కాయకు పదిదినముల తీపి పోవుటయే కాదు, పరిమాణమును పోవును. ఏలయన కాయ కడపటి వారములలోనే ఎక్కువగా నిండును.

ఇది ఏరుకొనువారికి తెలియదా? తెలియును. ఒకనాడు తిమ్మాపురము దాటిన తరువాత రహదారి ప్రక్కన ఒక ముసలామె గంపయెదుట మేము నిలిచితిమి. వినాయకచవితి ఇంకను రాలేదు. గంపలోని కాయలలో సగమునకు పైగా కన్ను మూసియున్నవి. ఇంత తొందరగా ఏల కోసితివమ్మా యని అడిగితిమి. “మేమాగితె ఇంకొకలు ఆగుతరా బిడ్డా?” అని ఆమె బదులు చెప్పెను. ఆ మాటలో తప్పు పట్టుటకేమియు లేదు. గుట్ట ఎవరిదియు కాదు. కావున కాయ ముందు కోసినవారిది. ఈ గ్రామమువారు ఆగినచో పొరుగు గ్రామమువారు కోయుదురు. ఆపైన కోతులు కలవు. అవి కన్ను విచ్చువఱకు వేచియుండును గాని విచ్చిన కాయను మనకు విడువవు. ఇట్లు ఒకరినొకరు మించిపోవలెనని అందఱును పచ్చికాయ కోయుచున్నారు, అందఱును నష్టపడుచున్నారు. పట్నమునుండి కారులో వచ్చినవాడు డజను కాయలు కొనిపోయి, అందులో ఆఱు నల్లబడినచో, మఱుసటి వారము గంప దగ్గఱ ఆగడు. ఆగినను సగము ధరయే అడుగును. పచ్చికాయ కోసినవానికిని, పండుకాయ తెచ్చినవానికిని ఆ సగము ధరయే.

ఈ తెగులుకు మందు ఒక్కరి చేతిలో లేదు. చెఱువు తూము ఎన్నడెత్తవలెనో గ్రామము ఏకమై నిర్ణయించినట్లు, గుట్టమీది కాయ ఏదినమున కోతకు ఎక్కవలెనో ఆయా గ్రామములవారు ఒకచోట కూడి నిర్ణయింపవలెను. ఒక దినము తెలుపుట చాలదు. కాయలన్నియు ఒక్కసారి పక్వముకావు. వారమునకు రెండుసార్లు చెట్టుచెట్టును చూచి విచ్చినవి మాత్రము కోయవలసియుండును. కన్ను మూసిన కాయ కోసి తెచ్చినవాని గంపను సంఘము తీసికొనకూడదు. ఈ కట్టుబాటు మొదటియేడు కఠినముగా తోచును, తగవులును వచ్చును. ఆ తగవులను భరింపగల సంస్థ పల్లెలో సహకారసంఘము తప్ప వేఱొకటి మాకు కనబడుట లేదు. దళారికి ఈ పని అక్కఱలేదు. పచ్చికాయయైనను పండైనను అతని తరుగు అతనికి వచ్చును.

సొంతభూమిలో నాటిన చెట్టుకు ఈ తొందర ఉండదు. కావున నాటుటను గూర్చి విపులముగా చెప్పుదుము.

మన ఎఱ్ఱచెల్కలు, దుబ్బనేలలు, గులకఱాళ్లు కలిసిన మిట్టలు దీనికి తగినవి. నల్లరేగడిలో బ్రతుకును గాని నీరు నిలిచినచో వేరు కుళ్ళును. ఏటికి 750, 800 మిల్లీమీటర్ల వాన కురియు మన ప్రాంతములో చెట్టు నిలద్రొక్కుకొన్నపిమ్మట నీటితడి లేకయే కాయును. వేసవికి ముందు ఆకు రాల్చి, ఎండను మ్రోడుగా గడపి, తొలకరికి మరల చిగుర్చుట దాని స్వభావము. ఆ చేదు ఆకును మేకయు ముట్టదు, పశువును ముట్టదు. కంచె వేయలేని రైతుకు ఇంతకంటె మేలైన చెట్టేది? చిన్నమొక్కను మంద త్రొక్కకుండ రెండేండ్లు ముండ్లకంప వేసిన చాలును.

విత్తుమొక్కలు పెంచుట సులభము. పెద్దకాయ కాచు చెట్టునుండి, చక్కగా మాగిన పండ్లనుండి, విత్తులు తీసి కడిగి నీడలో ఆరబెట్టవలెను. పెంకు గట్టిది గనుక విత్తుటకు ముందు ఒకటి రెండు దినములు నీటిలో నానవేయవలెను. మాఘ, ఫాల్గుణములలో మట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమముగా కలిపి నింపిన సంచులలో అంగుళము లోతున నాటినచో, నెల మొదలు నెలన్నరలోగా మొలచును. మొలకలు రాలేదని ఇరువది దినములకే సంచులు పాఱబోసినవారిని మేమెఱుగుదుము. ఓపికపట్టవలెను. ఆ మొలకలు ఆ యేటి తొలకరికి జానెడు మాత్రమే యెదుగును. వానిని మఱుసటి యేడు ఆరుద్రలో నాటుట మేలు.

విత్తుమొక్క అన్నివిధముల తల్లిని పోలదు. అందుచేత ఏడాది విత్తుమొక్కమీద పేరుగల చెట్టు లేతకొమ్మను అంటుకట్టుట నేడు వాడుకలోనికి వచ్చినది. అంటుమొక్క రెండు మూడేండ్లకే కాపునకు వచ్చును. విత్తుమొక్కకు మూడు నాలుగేండ్లు పట్టును. సంగారెడ్డిలోని ఫలపరిశోధనాస్థానము సీతాఫలముపై ఎంతోకాలముగా పనిచేయుచున్నది. అది నేడు శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయము క్రిందనున్నది. నమ్మకమైన అంటులకు అట్టి స్థానములనే అడుగవలెను. రహదారి నర్సరీలలో చీటికట్టిన ప్రతిమొక్కయు బాలానగరు కాదు. బెంగుళూరులోని ఉద్యాన పరిశోధనాసంస్థవారు అర్కా సహన్ అను సంకరజాతిని తీసిరి. దాని కాయ పెద్దది, గింజలు తక్కువ, కోసిన తరువాత కొంత ఎక్కువకాలము నిలుచును. కాని మంచి కాపు కావలెనన్న చేతితో పుప్పొడి అద్దవలసియుండును. బోరును, కూలీలును గల రైతు దానిని పరీక్షింపవచ్చును. మిట్టమీది మెట్టరైతుకు బాలానగరే మేలని మా యభిప్రాయము.

తోటగా వేయునపుడు వరుసకు వరుసకును, మొక్కకు మొక్కకును 5 మీటర్ల యెడముంచినచో ఎకరమునకు 160 మొక్కలు పట్టును. వేసవిలోనే రెండడుగుల గుంతలు త్రవ్వి ఎండనిచ్చి, పై మట్టితో గంపెడు మాగిన ఎరువును, కొంచెము వేపపిండిని కలిపి పూడ్చవలెను. కాని మన సభ్యులలో పెక్కుమందికి ఎకరము తోటకు విడిచిపెట్టుట సాధ్యముకాదు. వారికి ఒడ్డే తోట. చదరముగానున్న ఎకరము చుట్టు ఒడ్డు సుమారు 250 మీటర్లుండును. 5 మీటర్లకొకటి నాటినచో 50 మొక్కలగును. ఆఱేడేండ్లకు చెట్టుకు 60 కాయలు నిలిచినవనుకొన్నను 3,000 కాయలు. చెట్టు పొట్టిది, ఆకు రాల్చునది, కంది, జొన్న, మొక్కజొన్న పైరులకు దాని నీడ పెద్దగా తగులదు. అయితే ఉమ్మడి ఒడ్డున నాటి, కాయ కాచిననాడు పొరుగువానితో కోర్టుకు పోవుటకంటె, హద్దునుండి రెండుమూరలు లోపల నాటుట వివేకము.

మొదటి రెండు వేసవులు మొక్కను కాపాడవలెను. అడుగున సన్నని రంధ్రముచేసి గుడ్డపీలిక దూర్చిన పాతకుండను మొక్కప్రక్కన పాతి, వారమునకొకసారి నీటితో నింపినచో నీరు వృథాకాదు. ఎదిగిన చెట్టుకు ఆకు రాలిన తరువాత, చిగుర్లకు ముందు, కత్తిరింపు చేయవలెను. ఎండుకొమ్మలు, నేలను తాకుకొమ్మలు, ఒండొంటిని రాచుకొను కొమ్మలు తీసివేసి, పోయినయేటి రెమ్మలను కొన కత్తిరింపవలెను. పూవు ముఖ్యముగా క్రొత్త చిగురుమీద వచ్చును గనుక, కత్తిరింపని చెట్టు ఏటేట పైకి పోయి, చిన్నకాయలు కాయును. గుట్టమీది చెట్ల కాయ చిన్నదగుటకు ఇదియొక కారణము. తొలకరిలో చెట్టు చుట్టు అర్ధచంద్రాకారముగా కట్టవేసి వాననీటిని ఆపి, రెండు గంపల ఎరువు వేసినయెడల కాయపరిమాణములో భేదము అదే యేడు కనబడును.

పూత విషయమున ఒక రహస్యము రైతు తెలిసికొనవలెను. వేసవిలో పూచిన పూవులెన్నో రాలిపోవుట చూచి చెట్టుకు జబ్బుచేసినదని భయపడువారున్నారు. సీతాఫలపు పూవులో ఆడభాగము ముందుగా పక్వమగును. పుప్పొడి ఆ తరువాత రాలును. అప్పటికి అదే పూవులోని ఆడభాగము వడలిపోవును. ఒక పూవు పుప్పొడి వేఱొక పూవునకు చేరవలెను. తేనెటీగ ఈ పూవుకు రాదు. చిన్న చిన్న పెంకుపురుగులు ఈ పని చేయును. అందుచేత నూఱు పూవులలో నాలుగైదు కాయలైనచో అదియే గొప్ప. ఎండకు పుప్పొడి చచ్చును. గాలిలో తేమ వచ్చినపిమ్మటనే కాయ నిలుచును. మనకు ఆశ్వయుజమున పండు వచ్చుటకు కారణమిదే: మృగశిర, ఆరుద్రలలో నిలిచిన పిందెకు పండగుటకు నాలుగు నెలలు కావలెను. ఇంటిప్రక్కన పది చెట్లున్నవారు, పూర్తిగా విచ్చిన పూవులనుండి ప్రొద్దున పుప్పొడిని కాగితముమీద దులిపికొని, ఇంకను సగమే విచ్చిన పూవులలో మెత్తని కుంచెతో అద్దినచో పిందెలు ఎక్కువగా నిలుచుటయేగాక కాయ వంకరలేక గుండ్రముగా వచ్చును. పిల్లలు నేర్వదగిన పని.

తెగుళ్లలో ముఖ్యమైనది పిండినల్లి. కాయ కన్నుల నడుమ తెల్లనిపిండివలె చేరి రసము పీల్చును. దాని తేనెకొఱకు చీమలు వచ్చును. ఆపైన నల్లని మసి పట్టును. అట్టి కాయను కొనువాడు లేడు. చీమలే ఈ పురుగును చెట్టుమీదికి మోసికొనిపోవును, దాని శత్రువులను తఱిమివేయును. కనుక మ్రాను చుట్టు జానెడు వెడల్పు ప్లాస్టికుపట్టా బిగించి దానిపై గ్రీజు పూసినచో చీమ ఎక్కలేదు. పిండినల్లిని తిను అక్షింతల పురుగు జాతి ఒకటి ఆస్ట్రేలియానుండి తేబడినది. దానిని పెంచి చెట్లపై విడుచుచున్నారు. దానిని విడిచిన తోటలో పురుగుమందు చల్లుట మన సైనికులను మనమే చంపుకొనుట. ఎండి నల్లబడి కొమ్మకే వ్రేలాడు కాయలను ఏరి కాల్చవలెను. మఱుసటియేటి రోగమునకు అవియే విత్తనములు.

ఈ చిన్న పురుగు ఎంత నష్టము చేయగలదో తెలుపుటకు తైవాను దీవి సంగతి చెప్పుదుము. ఆ దీవిలో తైతుంగు ప్రాంతమువారు సీతాఫలమును, దాని సంకరజాతిని మిక్కిలి శ్రద్ధతో పండింతురు. కత్తిరింపులచేతను, చేతిపరాగముచేతను చలికాలములోగూడ కాయ దింపుదురు. వారు ఎగుమతిచేయు కాయలో మిక్కిలి భాగమును చైనా కొనుచుండెను. 2021 సెప్టెంబరులో, కాయలలో పిండినల్లి కనబడినదని చెప్పి చైనా వాని దిగుమతిని ఆపివేసెను. దానివెనుక రాజకీయమున్నదని తైవానువారనిరి. 2023లో కొందఱు రైతులకు మాత్రము మరల తలుపు తెఱచిరి. కారణమేదైనను, ఒకే గిరాకీదారుని నమ్ముకొన్న రైతులు రెండేండ్లు పడిన పాట్లు మనము గమనింపదగినవి.

ఇది చదివి కొందఱు, విమానాశ్రయము మన గడపలోనే యున్నది గదా, మన కాయ విమానమెక్కి దేశాంతరములకు ఏల పోరాదని అడుగవచ్చును. పోవచ్చును. కాని విమానమునకు కావలసినది ఒకే పరిమాణపు, ఒకే పక్వపు, పురుగులేని వేలకొలది కాయ, ప్రతివారము తప్పక. గుట్టమీది గంపలతో అది సాధ్యముకాదు. మన ప్రక్కనే కోటికి మించిన జనమున్న పట్టణమున్నది; దానికి మంచి కాయ పెట్టగలిగిననాడు మిగిలినది యోచింతము.

అమ్మకములో చిక్కు ఏమనగా, ఈ పండు ఎవరికొఱకును ఆగదు. మామిడిని వారము ఆపవచ్చును. నిమ్మను ఇంకను ఎక్కువకాలము ఆపవచ్చును. సీతాఫలము మెత్తబడినదా, ఆ దినమే అమ్ముడుపోవలెను. శీతలగిడ్డంగిలో అతిచల్లదనమునకు తొక్క నల్లబడి, పిమ్మట సరిగా మాగదు. ఈ సంగతి రైతుకంటె దళారికి బాగుగా తెలియును. సాయంకాలము మూడు గంపలు మిగిలిన స్త్రీ ఎంతకైనను ఇచ్చిపోవునని అతడు ఎఱుగును. మోసమనుటకంటె కాలము అతని పక్షముననున్నదనుట నిజము. ఒక్క గంపవారికి అతనితో బేరమాడు బలము లేదు. నూఱు గంపలు ఒకచోట చేరి, తూకము వేసి, పరిమాణమునుబట్టి ఏర్చి, ముందుగా మాటాడుకొన్న రెండు మూడు బజారులకు రాత్రివేళ చల్లదనములో ఒక్క బండిలో పంపినచో కాలము కొంత మన పక్షమునకు వచ్చును. కాయలు ఒకదానిపై నొకటి గోనెలో క్రుక్కక, క్రేట్లలో గడ్డి గాని సీతాఫలపు ఆకే గాని పఱచి, రెండు వరుసలకు మించకుండ పేర్చవలెను. గంపలెక్కను విడిచి తూకమునకు మారవలెను. గంపకు కొలత లేదు, అది కొనువాని కంటికి ఎప్పుడును చిన్నదే. కాయ ఇచ్చిననాడే వెలలో అధికభాగము చేతికీయవలెను. ఋతువు ముగిసినపిమ్మట మిగిలిన సొమ్ము ఎవరి తూకమునుబట్టి వారికి పంచవలెను. మొదటి గంపకే మొత్తము చెల్లించి, పిదప బజారు పడిపోయినందున చేతులెత్తిన సంఘమునుగూర్చి మేము విని యున్నాము. అది నడచినది రెండు ఋతువులే.

పగిలినవి, చిన్నవి, ఎక్కువ మాగినవి ఏమిచేయుట? వానినుండి గుజ్జు తీయవచ్చును. పట్నములోని ఐస్‌క్రీము, మిఠాయి అంగళ్లవారికి ఏడాది పొడుగునను సీతాఫలపు గుజ్జు కావలెను. రాజస్థానములోని పాలీ జిల్లాలో గిరిజన స్త్రీలును, ఛత్తీసుగఢములోని కాంకేరులో స్త్రీల పొదుపుసంఘములును అడవి సీతాఫలమునుండి ఈ వ్యాపారము చేయుచున్నారు. వారిది మనవంటి గుట్టల కాయయే. ఇందులో తెలియవలసినవి రెండు. కాచినచో ఈ గుజ్జు చేదెక్కును. కావున మామిడి తాండ్రవలెను, జామ జెల్లీవలెను దీనిని పొయ్యిమీద నిలువచేయ వీలులేదు. గాలి తగిలినకొలది రంగు మాఱును. కావున తీసిన గంటలలోపల గట్టకట్టించి సున్నకు 18 డిగ్రీలు క్రిందగా నుంచవలెను. అనగా యంత్రము, గడ్డకట్టు పెట్టెలు, నిరంతరము విద్యుత్తు, పరిశుభ్రత, ఆహారభద్రతా లైసెన్సు. పండులో సగమునకు మించి తొక్కయు గింజయు పోవుననికూడ లెక్కలో చూడవలెను. మొదటియేటనే అప్పుచేసి యంత్రము కొనుట మేము ఒప్పుకొనము. మొదట కలిసి కోయుట, కలిసి అమ్ముట నేర్చికొనవలెను. ఆ రెండు ఋతువుల లెక్కలు చూచి గుజ్జు సంగతి నిర్ణయింపవచ్చును. 1995నాటి పరస్పర సహాయక సహకారసంఘముల చట్టము క్రింద కొలదిమంది పెంపకందార్లు సొంతముగా ఒక సంఘము నమోదుచేసికొనుటకును వీలున్నది.

గింజవిషయమై ఒక హెచ్చరిక. సీతాఫలపు గింజలోని పప్పు విషము. నూఱి తలకు పట్టించినచో పేలు చచ్చునని మన యిండ్లలో ఆడవారు చెప్పుదురు, చచ్చుట నిజమే. కాని ఆ పొడి కంటపడినచో కన్ను వాచి, నల్లగ్రుడ్డుకు గాయమై, చూపు చెడిన సంగతులు వైద్యులెఱిగినవే. పిల్లల తలకు దానిని ఎన్నడును పట్టింపరాదు. పండు తినునపుడు పొరపాటున గింజ మ్రింగినచో భయములేదు, పెంకు గట్టిదగుటచే అట్లే వెడలిపోవును, నమలరాదు. గింజలనూనెకు పురుగులను చంపు గుణముండుటచేత శాస్త్రజ్ఞులు దానిని పరీక్షించుచున్నారు. గుజ్జు తీయుచోట మిగిలిన గింజలను కుప్పగా దారిలో పాఱబోయక, పిల్లలకందనిచోట పాతవలెను.

ఈ యేటి కాపునుండి విత్తులు ఎత్తియుంచదలచినవారు రహదారిమీది గంపలలో ఏరవద్దు. ఏ చెట్టుదో తెలియదు. తమ గ్రామములో మూడేండ్లుగా పెద్దకాయ కాచుచున్న చెట్టును ముందుగా గుర్తించి, దానికి గుడ్డపీలిక కట్టి, కన్ను విచ్చిన కాయలను తామే కోసి మాగనిచ్చి, విత్తులను నీడనారబెట్టి బూడిదతో కలిపి కుండలో దాచవలెను. కోతదినమును గూర్చిన చర్చను శ్రావణమాసపు సభలో పెట్టవలసియున్నది గనుక, సభ్యులు తమ గ్రామపు గుట్టలెన్ని మిగిలియున్నవో, వానిపై చెట్లు సుమారుగా ఎన్నియున్నవో, ఏ గ్రామముతో ఏ గుట్ట ఉమ్మడియో వ్రాసి ఆషాఢములోగా కార్యాలయమునకు పంపవలెను.